క్వాంటం సిద్ధాంతంలో స్థానికత, కార్యకారణ సంబంధం: తరచుగా అడిగే ప్రశ్నలు

అమరావతికి క్వాంటం కంప్యూటర్ వస్తోందన్న వార్త వచ్చినప్పటి నుంచి విజయవాడ, గుంటూరు కాలేజీల్లో ఫిజిక్స్ పాఠం ఎక్కడ మొదలుపెట్టినా చివరికి ఎంటాంగిల్‌మెంట్ దగ్గరికే వస్తోంది. పిల్లలే కాదు, వాళ్ళ తల్లిదండ్రులు కూడా అడుగుతున్నారు. వీడియోల్లో దొరికే జవాబులు చాలావరకు ఆశ్చర్యపరిచి వదిలేస్తాయి. ఇంటర్‌లో ఎంపీసీ చదివినవాళ్ళు కాగితం, పెన్ను పట్టుకుని సరిచూసుకోగలిగేలా ఇక్కడ జవాబులు రాశాను. వరుసగా చదివితే మంచిది, ఎందుకంటే తర్వాతి జవాబులు చాలావరకు మధ్యలో వచ్చే ఆట మీద ఆధారపడతాయి.

స్థానికత అంటే ఏమిటి?

ఒకచోట జరిగినదాని ప్రభావం ముందు దాని పక్కనున్నదాన్ని తాకాలి, అక్కడి నుంచి ఆ పక్కదాన్ని తాకాలి. అలా వరుసగా పాకుతూ పోవాలే తప్ప మధ్యలో ఉన్న చోటంతా వదిలేసి దూరాన తేలకూడదు. ఇదీ స్థానికత. ఆ పాకడానికి సాపేక్షత సిద్ధాంతం ఒక హద్దు పెట్టింది. సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు, అంటే కాంతి వేగం.

విజయవాడ, గుంటూరు మధ్య దూరం లెక్క సులువు కోసం 30 కిలోమీటర్లు అనుకుందాం. కాంతికి ఆ దూరం దాటడానికి సెకనులో పదివేలవ వంతు పడుతుంది. బెంజ్ సర్కిల్‌లో ఇప్పుడు జరిగినదానికి బ్రాడీపేటలో ఫలితం కనిపించాలంటే కనీసం అంతసేపు ఆగాలి.

న్యూటన్ గురుత్వాకర్షణ సూత్రంలో ఈ హద్దు లేదు. సూర్యుడు కదిలితే భూమికి ఆ క్షణమే తెలిసిపోవాలి. మధ్యలో ఏమీ లేకుండా ఒక వస్తువు దూరాన ఉన్న ఇంకొక వస్తువు మీద పనిచేయడం అసంబద్ధమని న్యూటనే 1693లో ఒక ఉత్తరంలో రాశాడు. 1915లో ఐన్‌స్టీన్ సాధారణ సాపేక్షతతో ఆ లోటు తీరింది. దూరాన ఉన్నదాన్ని ఉన్నపళంగా తాకే సిద్ధాంతం ఏదైనా ఐన్‌స్టీన్‌కు ఎందుకంత ఇబ్బందిగా అనిపించిందో దీన్నిబట్టి అర్థమవుతుంది. ఆయన జీవితంలో సాధించిన పెద్ద పనే అలాంటిదాన్ని ఫిజిక్స్ నుంచి తీసేయడం.

మరి కార్యకారణ సంబంధం?

కారణం ముందు, ఫలితం తర్వాత. దీనికి సాపేక్షత ఇంకొక షరతు చేర్చింది: ఒక సంఘటనకు కారణాలన్నీ దాని గత కాంతి శంకువులో, అంటే అక్కడి నుంచి బయలుదేరిన కాంతి ఇక్కడికి సమయానికి చేరుకోగల చోట్లలోనే ఉండాలి.

ఎంటాంగిల్‌మెంట్ అంటే ఏమిటి? ముందు అది చెప్పండి.

ఒక ప్రత్యేకమైన స్ఫటికంలోకి లేజర్ కాంతి పంపితే, అప్పుడప్పుడు ఒక ఫోటాన్ (కాంతి కణం) రెండుగా విడిపోతుంది. అలా పుట్టిన జంటలో ఒకదాన్ని విజయవాడలో విజయకు, రెండోదాన్ని గుంటూరులో గోపికి పంపామనుకోండి. ఇద్దరి దగ్గరా ధ్రువణాన్ని, అంటే కాంతి తరంగం ఊగే దిశను, కొలిచే పరికరం ఉంది. దాన్ని తమకు నచ్చిన కోణంలో తిప్పుకోవచ్చు. ఫోటాన్ దాన్ని దాటిందా, ఆగిందా అన్నదే ఫలితం.

విజయ ఒక్కతే తన ఫలితాలు చూసుకుంటే సగం దాటాయి, సగం ఆగాయి. ఏ కోణం పెట్టినా అంతే. గోపి పరిస్థితీ అదే. ఇద్దరూ ఒకే కోణం పెట్టిన సందర్భాలు తీసి పక్కపక్కన పెడితే మాత్రం, ఆమెకు దాటిన ప్రతిసారీ అతనికీ దాటింది, ఆమెకు ఆగిన ప్రతిసారీ అతనికీ ఆగింది. కోణాలు వేరైతే, ఇద్దరి ఫలితాలూ ఒకటయ్యే అవకాశం ఆ కోణాల తేడాకు కొసైన్ వర్గం. ఇంటర్‌లో మాలస్ నియమం చదివినవాళ్ళకు ఈ కొసైన్ వర్గం పాత పరిచయమే.

ఫోటాన్లు రెండింటికీ విడివిడిగా స్థితి రాయడానికి క్వాంటం సిద్ధాంతంలో వీలు లేదు. జంటకంతటికీ కలిపి ఒకే స్థితి ఉంటుంది. ఈ పేరు పెట్టినవాడు ష్రోడింగర్, 1935లో.

ఇందులో వింతేముంది? జత చెప్పుల్లో ఒకటి విజయవాడలో, ఇంకోటి గుంటూరులో పెట్టెల్లో పెట్టామనుకోండి. ఇక్కడ పెట్టె తెరిచి ఎడమది చూస్తే, అక్కడ కుడిదని వెంటనే తెలుస్తుంది కదా?

చాలా మంచి ప్రశ్న. ఇద్దరూ ఒకే కోణం పెట్టినంత వరకు చెప్పుల వివరణ పూర్తిగా సరిపోతుంది. పెట్టెలో పెట్టేటప్పుడే ఏది ఎక్కడికి వెళ్ళాలో నిర్ణయమైపోయింది, తెరిచినప్పుడు మనకు తెలిసింది అంతే. దూరాన ఏ ప్రభావమూ అక్కర్లేదు. రెండు చోట్ల కనిపించే పొంతనకు వెనక ఒక ఉమ్మడి కారణం ఉంది.

1935లో ఐన్‌స్టీన్, పొడోల్స్కీ, రోజెన్ రాసిన వ్యాసం కోరింది ఇలాంటిదే. ఇక్కడి కొలతతో అక్కడి ఫలితాన్ని కచ్చితంగా చెప్పగలిగితే, ఇక్కడి పని అక్కడిదాన్ని తాకదని నమ్మితే, ఆ ఫలితం అక్కడ ముందే ఉండి ఉండాలి. క్వాంటం సిద్ధాంతం దాన్ని చెప్పడం లేదు కాబట్టి ఆ సిద్ధాంతం అసంపూర్ణం. ఈ వాదనలో తర్కదోషం లేదు. ఐన్‌స్టీన్‌కు వయసు మీదపడి కొత్త ఫిజిక్స్ అర్థం కాలేదని చెప్పేవాళ్ళు ఆ వ్యాసాన్ని ఒకసారి చదవాలి. అందరికంటే ముందు అసలు ప్రశ్నను పట్టుకున్నది ఆయనే.

చెప్పుల వివరణ కోణాలు మారినప్పుడు కూలిపోతుంది. అది చూపించినవాడు జాన్ బెల్ అనే భౌతిక శాస్త్రవేత్త.

బెల్ ఏం చూపించాడు? సమీకరణాలు లేకుండా చెప్పగలరా?

ఒక ఆటగా చెబుతాను. ఇక్కడ కాస్త నెమ్మదిగా చదవండి. విషయమంతా ఇందులోనే ఉంది.

విజయ విజయవాడలో, గోపి గుంటూరులో వేర్వేరు గదుల్లో కూర్చున్నారు. ప్రతి రౌండులో ఇద్దరికీ చెరొక ప్రశ్న వస్తుంది. ప్రశ్న 0 గానీ 1 గానీ కావచ్చు, నాణెం ఎగరేసి నిర్ణయిస్తారు. ఇద్దరూ 0 లేదా 1 అని జవాబు చెప్పాలి, అది కూడా సెకనులో పదివేలవ వంతు లోపలే. అంటే ఒకరి ప్రశ్న రెండోవారికి తెలిసే వీల్లేదు. గెలుపు నియమం ఇది: ఇద్దరికీ ప్రశ్న 1 వస్తే జవాబులు వేరుగా ఉండాలి. మిగతా మూడు సందర్భాల్లోనూ జవాబులు ఒకటే ఉండాలి.

ఆటకు ముందు ఇద్దరూ మంగళగిరిలో కలిసి ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు, ఏ పథకమైనా వేసుకోవచ్చు, ఒకే పట్టిక చెరొక కాపీ తెచ్చుకోవచ్చు. ఎంతవరకు గెలవగలరు?

విజయ ప్రశ్న 0కి చెప్పే జవాబును వి0, ప్రశ్న 1కి చెప్పేదాన్ని వి1 అందాం. గోపివి గో0, గో1. నాలుగు సందర్భాల్లోనూ గెలవాలంటే వి0, గో0 ఒకటే కావాలి. వి0, గో1 ఒకటే కావాలి. వి1, గో0 ఒకటే కావాలి. ఈ మూడూ కుదిరితే నాలుగు జవాబులూ ఒకటైపోయాయి. కానీ నాలుగో షరతు వి1, గో1 వేరుగా ఉండాలంటోంది. కుదరదు. అందుకని ఏ పథకం వేసినా నాలుగింట మూడు గెలుపులే, అంటే 75 శాతం. రౌండు రౌండుకూ పథకం మార్చినా, మధ్యలో నాణేలు ఎగరేసినా సగటు 75 దాటదు.

ఇప్పుడు పట్టికకు బదులు ఎంటాంగిల్ అయిన ఫోటాన్లు ఇద్దాం. విజయ ప్రశ్న 0 వస్తే పరికరాన్ని 0 డిగ్రీల్లో, 1 వస్తే 45 డిగ్రీల్లో పెడుతుంది. గోపి 0కి 22.5, 1కి మైనస్ 22.5 డిగ్రీలు పెడతాడు. దాటితే 1, ఆగితే 0 అని జవాబు. మొదటి మూడు సందర్భాల్లో కోణాల తేడా 22.5 డిగ్రీలే. జవాబులు ఒకటయ్యే అవకాశం దాని కొసైన్ వర్గం, అంటే సుమారు 85.4 శాతం. నాలుగో సందర్భంలో తేడా 67.5 డిగ్రీలు. అక్కడ ఒకటయ్యే అవకాశం 14.6 శాతం, వేరయ్యే అవకాశం మళ్ళీ 85.4. ఏ ప్రశ్నలొచ్చినా గెలుపు 85.4 శాతం.

75కూ 85కూ మధ్య ఉన్న ఆ తేడా గురించే ఈ పేజీ అంతా. ముందే మాట్లాడుకుని తెచ్చుకున్న ఏ రహస్య పట్టికా, అంటే గతంలో ఉన్న ఏ ఉమ్మడి కారణమూ, ఆ తేడాను ఇవ్వలేదు. బెల్ ఇది నిరూపించింది 1964లో. ఆట మీరు చూసిన రూపానికి దగ్గరగా వచ్చింది 1969లో, క్లౌసర్, హార్న్, షిమోనీ, హోల్ట్ చేతుల్లో. వాళ్ళ లెక్కలో (గెలుపు అవకాశాన్ని 8తో గుణించి 4 తీసేస్తే వచ్చే విలువ) 75 శాతానికి సమానమైన హద్దు 2, క్వాంటం చేరుకునేది 2.828.

ఇది లెక్కల్లోనేనా, ఎవరైనా చేసి చూశారా?

చేశారు. 1972లో బర్కిలీలో ఫ్రీడ్‌మన్, క్లౌసర్ కాల్షియం పరమాణువుల నుంచి వచ్చిన ఫోటాన్లతో మొదట చేశారు. 1982లో పారిస్ దగ్గర ఓర్సేలో ఆలెన్ ఆస్పే బృందం ఫోటాన్లు ప్రయాణంలో ఉండగానే కొలిచే కోణాలు మారేలా ఏర్పాటు చేసింది. 1998లో ఇన్స్‌బ్రూక్‌లో 400 మీటర్ల దూరంలో, కోణాలను యాదృచ్ఛికంగా ఎంచుతూ చేశారు. అన్నిటిలోనూ ఫలితం క్వాంటం వైపే.

అయినా సందేహించడానికి సందులు మిగిలాయి. పరికరాలకు చిక్కని ఫోటాన్లు చాలా ఉన్నాయి, చిక్కినవి మొత్తానికి సరైన నమూనా కాకపోతే? ఇద్దరి మధ్యా ఏదైనా నెమ్మదైన సంకేతం పాకి ఉంటే? ఈ రెండు సందుల్నీ ఒకే ప్రయోగంలో మూసేయడానికి 2015 దాకా పట్టింది. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో 1.3 కిలోమీటర్ల ఎడంగా రెండు ల్యాబుల్లో చిన్న వజ్రాలు పెట్టి, వాటిలోని ఎలక్ట్రాన్ల స్పిన్‌లను (ఎలక్ట్రాన్‌ను చిన్న అయస్కాంతంలా చేసే గుణాన్ని) కొలిచారు. ఆ దూరం దాటడానికి కాంతికి 4 మైక్రోసెకన్లకు కాస్త పైనే పడుతుంది. ఆ లోపలే ప్రశ్న ఎంచుకోవడం, కొలవడం పూర్తయ్యాయి. మొత్తం 245 సార్లు చేస్తే వచ్చిన విలువ 2.42. మన ఆటలో చెప్పాలంటే సుమారు 80 శాతం గెలుపు. అదే ఏడాది వియన్నాలో, అమెరికాలోని బౌల్డర్‌లో ఫోటాన్లతో చేసిన ప్రయోగాలూ ఇదే చెప్పాయి. 2022 నోబెల్ ఆస్పే, క్లౌసర్, జైలింగర్‌లకు వచ్చింది. బెల్ 1990లోనే పోయారు.

సరే, విజయవాడలో కొలవగానే గుంటూరులో ప్రభావం పడుతుందంటే, ఫోన్ బదులు దీన్నే వాడుకోవచ్చు కదా?

కుదరదు. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే, అందుకని కాస్త వివరంగా చెబుతాను.

కబురు పంపాలంటే విజయ చేసిన పనివల్ల గోపి చేతిలో ఉన్న ఫలితాల్లో ఏదో ఒక మార్పు రావాలి. గోపికి వచ్చేది ఎప్పుడూ సగం దాటినవి, సగం ఆగినవి. విజయ 0 డిగ్రీలు పెట్టినా, 45 పెట్టినా, పరికరం ఆపేసి ఇంటికి వెళ్ళిపోయినా అతని సగం సగం మారదు. తన ఫలితాన్ని ఫలానాగా రావాలని విజయ ఎంచుకోలేదు కూడా. 85 శాతం పొంతన ఇద్దరి నోటుపుస్తకాలూ పక్కపక్కన పెట్టినప్పుడే కనిపిస్తుంది. అలా పెట్టాలంటే ఫోన్ చేయాలి లేదా రైలెక్కాలి. రెండూ కాంతి వేగానికి లోబడినవే.

ఇది పరికరాల లోపం కాదు, సిద్ధాంతంలోంచే వచ్చే ఫలితం. 1982లో నిక్ హెర్బర్ట్ అనే శాస్త్రవేత్త దీన్ని దాటడానికి తెలివైన పథకం ఒకటి ప్రచురించాడు: గోపి తన ఫోటాన్‌కు బోలెడు కాపీలు తీసి, వాటిని కొలిచి, విజయ ఏ కోణం పెట్టిందో కనిపెట్టవచ్చు అని. అందులో తప్పెక్కడుందో వెతికినప్పుడు, తెలియని క్వాంటం స్థితికి కాపీ తీయడం అసాధ్యమన్న సిద్ధాంతం బయటపడింది. వూటర్స్, జూరెక్ ఒకవైపు, డీక్స్ ఇంకోవైపు అదే ఏడాది దాన్ని నిరూపించారు. ఈరోజు క్వాంటం పద్ధతిలో రహస్య సమాచారం పంపడానికి ఉన్న భద్రత ఆ సిద్ధాంతం మీదే నిలబడింది. ఒక తప్పు పథకం ఇంత మేలు చేయడం సైన్స్ చరిత్రలో అరుదు. ఈ కథ విద్యార్థులందరికీ తప్పకుండా చెప్పాలనిపిస్తుంది నాకు.

అంటే స్థానికత పోయిందా, ఉందా? ఒక్క మాటలో చెప్పండి.

ఒక్క మాటలో చెబితే తప్పవుతుంది. రెండు వేర్వేరు సంగతులున్నాయి.

మొదటిది, ఇక్కడ చేసే పనితో అక్కడి ఫలితాల సగటులను మార్చలేకపోవడం. ఇది చెక్కుచెదరలేదు. రెండోది బెల్ 1976లో స్పష్టంగా రాసిన షరతు: ఒక ఫలితం గతంలో తనకు చేరువలో ఉన్న కారణాలన్నీ లెక్కలోకి తీసుకున్నాక, దూరాన జరిగే కొలత గురించి అదనంగా తెలిసినా ఆ ఫలితం సంభావ్యత మారకూడదు. 75 శాతం హద్దు వచ్చింది ఈ షరతు నుంచే, ప్రకృతి దాటింది దీన్నే.

'వాస్తవికతను వదిలేస్తే స్థానికత దక్కుతుంది' అనే వాక్యం చాలా చోట్ల కనిపిస్తుంది. కొలవకముందే ఫలితాలు ఉంటాయన్న నమ్మకాన్నే అక్కడ వాస్తవికత అంటున్నారు. నాకది తొందరపాటుగా అనిపిస్తుంది. బెల్ రెండో షరతులో ఫలితాలు ముందే రాసి ఉన్నాయన్న ఊహ లేదు, సంభావ్యతలు మాత్రమే ఉన్నాయి. దాన్ని వదిలి, ఇంకేదో వదిలామని చెప్పుకుంటే ప్రశ్నకు జవాబు చెప్పినట్టు కాదు.

ఎవరు ముందు కొలిచారో వాళ్ళది కారణం, రెండోవాళ్ళది ఫలితం అనుకోవచ్చా?

అనుకుందాం. విజయ సరిగ్గా ఒక మైక్రోసెకను ముందు కొలిచింది. విజయవాడ నుంచి గుంటూరు వైపుగా కాంతి వేగంలో నూరో వంతు కంటే ఎక్కువ వేగంతో పోతున్న రాకెట్‌లోంచి చూస్తే గోపి కొలతే ముందు జరిగింది. సాపేక్షత ప్రకారం ఆ రాకెట్ లెక్క మన లెక్కకు ఏమాత్రం తీసిపోదు. ఒకరికి కారణమైనది ఇంకొకరికి ఫలితమైతే, దాన్ని మామూలు అర్థంలో కారణమనడం కష్టం. క్వాంటం లెక్కలో కూడా ఎవరు ముందు కొలిచారన్నదానితో సంబంధం లేకుండా అవే సంభావ్యతలు వస్తాయి.

అయినా కొందరు పట్టువదలక, ఏదో ఒక ప్రత్యేక చట్రంలో, అంటే ఒక ఫలానా వేగంతో పోతూ చూసేవాళ్ళ లెక్కలో, కాంతిని మించిన వేగంతో రహస్య ప్రభావం పోతోందనుకుందాం అన్నారు. 2008లో జెనీవా దగ్గర 18 కిలోమీటర్ల ఎడంగా ఉన్న రెండు ఊళ్ళ మధ్య దీన్ని పరీక్షించారు. అలాంటి ప్రభావమే ఉంటే, ఆ చట్రంలో భూమి మరీ వేగంగా కదలనంత వరకు, దాని వేగం కాంతికి కనీసం పదివేల రెట్లు ఉండాలని తేలింది. 2012లో ఇంకా గట్టి ఫలితం వచ్చింది. ఆ వేగం ఎంతైనా సరే, అది అనంతం కాకపోతే, ఇద్దరి కంటే ఎక్కువమంది పాల్గొన్నప్పుడు దానితో కాంతి కంటే ముందు కబురు పంపడానికి దారి ఏర్పడుతుంది. ఆ ఫలితం చూశాక ఈ దారి నాకు మూసుకుపోయినట్టే కనిపిస్తుంది.

మరి ఈ పొంతనకు వివరణ ఏమిటి?

అందరూ ఒప్పుకున్న వివరణ లేదు. ఉన్న దారులన్నిటికీ ధర ఉంది. డేవిడ్ బోమ్ 1952లో చూపిన దారిలో కణాలకు ఎప్పుడూ కచ్చితమైన స్థానం ఉంటుంది, కానీ ఒకచోటి మార్పు ఇంకోచోట అదే క్షణంలో తగులుతుంది. పైన చెప్పిన 2012 ఫలితం దీన్ని పట్టదు, ఇక్కడ వేగం అనంతమే. ఎవెరెట్ 1957 నాటి దారిలో కొలతకు ఒకే ఫలితం ఉంటుందన్న నమ్మకం వదులుకోవాలి. ఫలితాలన్నీ విశ్వపు వేర్వేరు శాఖల్లో జరుగుతాయి, ప్రభావాలు మాత్రం స్థానికంగానే ఉంటాయి. కోపెన్‌హాగెన్ తరహా వాళ్ళు, అంటే బోర్ బాటలో నడిచేవాళ్ళు, క్వాంటం స్థితిని మనకున్న సమాచారంగా చూసి, వెనక ఏం జరుగుతోందన్న ప్రశ్నను పక్కన పెడతారు. భవిష్యత్తులో చేసే కొలత గతంలోని కణం స్థితిని ప్రభావితం చేస్తుందని ఒప్పుకునేవాళ్ళు కూడా కొద్దిమంది ఉన్నారు. వాళ్ళు స్థానికతను కాపాడటానికి కార్యకారణ క్రమాన్ని వదులుకుంటున్నారన్నమాట.

ప్రశ్నలు నిజంగా యాదృచ్ఛికమని ఎలా చెప్పగలం? అంతా ముందే రాసిపెట్టి ఉంటే?

ఉమ్మడి గతం ఒకటి ఉండి, అది విజయ, గోపి ఎంచుకునే కోణాల్నీ, ఫోటాన్ల ఫలితాల్నీ కలిపి నిర్ణయిస్తే బెల్ వాదన పనిచేయదు. ఆ సందును ఎంత వెనక్కి నెట్టగలమో చూశారు. 2016 నవంబర్ 30న ప్రపంచవ్యాప్తంగా సుమారు లక్షమంది ఒక ఆన్‌లైన్ ఆటలో నొక్కిన సున్నాలు, ఒకట్లతో పలు ల్యాబుల్లో కోణాలు ఎంచారు. 2018లో వందల కోట్ల సంవత్సరాల కిందట క్వేజార్ల (చాలా దూరాన మెరిసే గెలాక్సీ కేంద్రాల) నుంచి బయలుదేరిన కాంతిని బట్టి కోణాలు ఎంచారు. ఫలితం మారలేదు. ఇక మిగిలిన ఊహ ఒక్కటే: ఆ క్వేజార్ల కాంతి రంగు, ఈ ల్యాబులో పుట్టబోయే ఫోటాన్లు విశ్వం మొదట్లోనే కూడబలుక్కున్నాయని. తర్కం దాన్ని కొట్టిపారేయలేదు. కానీ అది నమ్మితే ఏ మందు పరీక్షనూ, ఏ పంట పరీక్షనూ నమ్మడానికి ఆధారం ఉండదు.

ఆలస్యంగా ఎంపిక చేసే ప్రయోగాల్లో భవిష్యత్తు గతాన్ని మారుస్తుందంటారు. నిజమేనా?

లేదు. జంటలో ఒక ఫోటాన్ రెండు సన్నని చీలికలు దాటి తెరమీద పడ్డాక రెండోదాన్ని ఎలా కొలవాలో నిర్ణయిస్తారు, నిజమే. కానీ తెరమీద మొత్తం చుక్కల్లో పట్టీలు (వ్యతికరణం వల్ల వచ్చే వెలుగు, చీకటి గీతలు) ఎప్పుడూ కనిపించవు, రెండోదానితో ఏం చేసినా కనిపించవు. తర్వాత వచ్చిన ఫలితాల పట్టిక చూసి చుక్కలను రెండు గుంపులుగా విడదీస్తేనే ఒక్కో గుంపులో పట్టీలు కనిపిస్తాయి. ఒక గుంపు వెలుగు పట్టీల చోట ఇంకో గుంపు చీకటి పట్టీలుంటాయి, రెండూ కలిపితే మళ్ళీ నునుపే. పడిన చుక్క ఏదీ కదల్లేదు, మారింది మనం విడదీసే తీరు.

టెలిపోర్టేషన్ కాంతి కంటే వేగం కదా?

కాదు. టెలిపోర్టేషన్ అంటే ఎంటాంగిల్‌మెంట్ సాయంతో ఒక కణం స్థితిని దూరాన ఉన్న ఇంకో కణానికి చేర్చడం. 1993లో ప్రతిపాదించిన పద్ధతి ప్రకారమే, ఒక క్యూబిట్ (క్వాంటం బిట్) స్థితిని అటు పంపాలంటే రెండు మామూలు బిట్లు ఫోన్‌లోనో కేబుల్‌లోనో పంపాలి. అవి చేరేదాకా అవతలివాళ్ళ దగ్గర ఉన్నది గందరగోళమే.

క్వాంటం సిద్ధాంతం 85 దగ్గరే ఎందుకు ఆగింది? 100 శాతం గెలిస్తే సాపేక్షత చెడుతుందా?

నన్ను అన్నిటికంటే ఎక్కువగా పట్టుకున్న ప్రశ్న ఇది. 85.4ను క్వాంటం సిద్ధాంతం ఏ పరికరంతోనూ దాటలేదని 1980లో సిరెల్సన్ నిరూపించాడు. అయితే 1994లో పోపెస్కు, రోర్లిక్ ఒక ఊహా పెట్టెను చూపించారు. అది ఆటను ప్రతిసారీ గెలిపిస్తుంది, అయినా దానితో కబురు పంపలేం, ఎందుకంటే ఒక్కొక్కరికి వచ్చేది సగం సగమే. అంటే కాంతి వేగం హద్దు ఒక్కటే ఉంటే ప్రకృతి 100 దాకా పోవచ్చు. 75 దాటి, 100కు చేరకుండా, ఈ మధ్యలో ఎక్కడో ఎందుకు నిలబడింది?

దీనికి కొన్ని పాక్షిక జవాబులున్నాయి. అలాంటి పెట్టెలుంటే, ఇద్దరి దగ్గర చెరి సగం ఉన్న ఎంత పెద్ద లెక్కకైనా అవును-కాదు జవాబు ఒకే ఒక్క బిట్ పంపి తేల్చేయవచ్చు. 2009లో వచ్చిన ప్రతిపాదన ఒకటి ఇంకా సూటిగా ఉంది: గోపికి విజయ ఒక బిట్ పంపితే, ఆమె దగ్గరున్న సమాచారంలో అతను తెలుసుకోగలిగేది ఒక బిట్‌కు మించకూడదు. ఈ ఒక్క నియమం నుంచే 2.828 హద్దు వస్తుంది. కానీ క్వాంటం పొంతనలు అన్నిటినీ, వాటిని మాత్రమే ఇచ్చే సహజమైన నియమం ఏమిటన్నది ఇంకా తేలలేదు. ఇక్కడి కాలేజీల పిల్లల్లో లెక్కలంటే ప్రాణం పెట్టేవాళ్ళు ఎందరో ఉన్నారు. కోట్ల రూపాయల పరికరాలు అక్కర్లేని ఈ ప్రశ్న వాళ్ళకోసమే ఉన్నట్టుంది.

కారణాల క్రమమే అస్పష్టంగా ఉండగలదా?

ఆ దిశలో పని జరుగుతోంది. క, ఖ అని రెండు పనులున్నాయనుకోండి. ముందు క, తర్వాత ఖ అనే క్రమం, ముందు ఖ, తర్వాత క అనే క్రమం రెండూ సూపర్‌పొజిషన్‌లో, అంటే ఒకే క్వాంటం స్థితిలో కలిసి, ఉండే ఏర్పాటును 'క్వాంటం స్విచ్' అంటారు. ఫోటాన్లతో ల్యాబుల్లో చేశారు. అది నిజంగా కారణాల క్రమమే కలగలవడమా, దాని అనుకరణా అన్న చర్చ నడుస్తోంది.

ఎంటాంగిల్‌మెంట్ గురించి మన పెద్దలు ముందే చెప్పారంటారు. ఆలోచనలతో దూరాన ఉన్నవాళ్ళను ప్రభావితం చేయవచ్చంటారు. మీరేమంటారు?

వేదాంతం అడిగిన ప్రశ్నలు గొప్పవి, వాటికి ఫిజిక్స్ సర్టిఫికెట్ అక్కర్లేదు. ఇక ఆలోచనల సంగతి: ఎంటాంగిల్‌మెంట్‌తో ఒక్క బిట్ కూడా పంపలేమని పైన చూశాం. దాని పేరు చెప్పి దూరం నుంచి జబ్బులు నయం చేస్తామని డబ్బులు అడిగేవాళ్ళకు ఇవ్వకండి. ఇంట్లో పెద్దవాళ్ళకు కూడా చెప్పండి.

అమరావతిలో వచ్చే యంత్రం మీద బెల్ పరీక్ష చేయవచ్చా?

156 క్యూబిట్ల హెరాన్ ప్రాసెసర్ ఉన్న ఐబీఎం యంత్రాన్ని అమరావతి క్వాంటం వ్యాలీలో పెడతామని 2025లో ప్రకటించారు. అలాంటి యంత్రాల మీద మన ఆట ఆడించడం విద్యార్థులు మొదట చేసే అభ్యాసాల్లో ఒకటి. 75 దాటడం కళ్ళతో చూడవచ్చు. అయితే క్యూబిట్లన్నీ ఒకే చిప్ మీద పక్కపక్కనే ఉంటాయి కాబట్టి, ఒకదాని నుంచి ఇంకోదానికి సంకేతం పాకలేదని అక్కడ చెప్పలేం. ఎంటాంగిల్‌మెంట్ ఉందని తెలుస్తుంది, స్థానికత పరీక్ష మాత్రం కాదు. అలాంటి సూపర్‌కండక్టింగ్ క్యూబిట్లతోనే (నిరోధం లేకుండా కరెంటు పారే వలయాలతో చేసినవి) అసలు పరీక్ష చేయడానికి జ్యూరిక్ శాస్త్రవేత్తలు రెండు చిప్‌లను 30 మీటర్ల ఎడంగా పెట్టి, వాటిని కలిపే గొట్టాన్నంతా పరమశూన్య ఉష్ణోగ్రతకు దగ్గరగా చల్లబరిచారు. 2023లో వచ్చిన వాళ్ళ విలువ 2.07.

మన దేశంలో ఇస్రో 2022లో అహ్మదాబాద్‌లో 300 మీటర్ల దూరం గాలిలో ఎంటాంగిల్ అయిన ఫోటాన్లతో రహస్య తాళం (కీ) తయారుచేసి, దానితో సమాచారం భద్రంగా పంపి చూపించింది. చైనా ఉపగ్రహం 2017లో 1,200 కిలోమీటర్ల దూరాన ఉన్న రెండు కేంద్రాలకు జంట ఫోటాన్లను చేర్చింది. విజయవాడ, గుంటూరు మధ్య ఈ ఆట నిజంగా ఆడటానికి సిద్ధాంతపరమైన అడ్డంకి ఏమీ లేదు.

ఇవన్నీ సొంతంగా చేసి చూడాలంటే ఏం రావాలి?

మాత్రికలు, సంకీర్ణ సంఖ్యలు, సంభావ్యత. మూడూ ఇంటర్ ఎంపీసీలోవే. మొదటి అభ్యాసానికి అవీ అక్కర్లేదు. విజయకు నాలుగు పథకాలు (రెండు ప్రశ్నలకూ 0, రెండింటికీ 1, ప్రశ్న ఎంతైతే అంత, దానికి తలకిందులు), గోపికీ అవే నాలుగు. మొత్తం 16 జతలు. ఒక్కో జతకు నాలుగు సందర్భాలూ రాసి ఎన్ని గెలుస్తుందో లెక్కపెట్టండి. ఎనిమిది జతలకు మూడేసి, మిగతా ఎనిమిదింటికి ఒక్కొక్కటి వస్తాయి. రెండు గానీ నాలుగు గానీ ఎక్కడా రావు. ఎందుకు రావో నిరూపించడం రెండో అభ్యాసం.